రసాయన సంపర్క సూచకాల సంక్షిప్త నామాలు: ప్రామాణీకరణ ఆవశ్యకత

వ్యవసాయ రంగంలో డి.ఎ.పి. అనే మూడు అక్షరాలకు మొదట స్ఫురించే అర్థం డైఅమోనియం ఫాస్ఫేట్. 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం గల ఈ ఎరువు పేరు తెలియని రైతు ఉండడు. సేద్య విభాగంలో క్షేత్ర ప్రయోగాలు నిర్వహించే పరిశోధకులు ఇవే అక్షరాలను 'నాటిన తరువాత గడిచిన రోజులు' అనే అర్థంలో పట్టికలలో రాస్తారు. పురుగుమందుల విషప్రభావాన్ని అధ్యయనం చేసేవారికి డి.ఎ.పి. అంటే డైఆల్కైల్ ఫాస్ఫేట్లు. ఆర్గానోఫాస్ఫరస్ మందులు శరీరంలో ప్రవేశించి విచ్ఛిన్నమైన తరువాత మూత్రంలో కనిపించే ఆరు పదార్థాల సమూహానికి అది పేరు. ఈ మూడు అర్థాలూ ఒకే పొలానికి సంబంధించినవే కావడం గమనార్హం. ఎరువు వేసి, నాటిన 30 రోజులకు మందు పిచికారీ చేసి, ఆ సాయంత్రం కూలీల మూత్ర నమూనాలు సేకరించిన ప్రయోగ నివేదికలో మూడింటికీ చోటు ఉంటుంది.

ఇటువంటి అయోమయం కేవలం భాషకు పరిమితమైన అసౌకర్యం కాదని, కొన్ని సందర్భాలలో మనిషి ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయాన్నే తారుమారు చేయగలదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంపర్క సూచకం

ఒక వ్యక్తి ఏ రసాయనానికి, ఎంత మేరకు లోనయ్యాడో తెలుసుకోవడానికి అతని రక్తం, మూత్రం, తల్లిపాలు, వెంట్రుకలు వంటి వాటిలో కొలిచే పదార్థాన్ని ఇక్కడ సంపర్క సూచకం అంటున్నాం. అది మూల రసాయనమే కావచ్చు. దాని జీవక్రియోత్పన్నం కావచ్చు. ఆ రసాయనం ప్రభావం వల్ల మార్పు చెందిన ఎంజైము కావచ్చు. నేటి పురుగుమందులలో అధిక భాగం శరీరంలో కొద్ది గంటల నుంచి కొద్ది రోజులలోపే రూపం మారి బయటికి పోతాయి. అందువల్ల మూల రసాయనం కంటే జీవక్రియోత్పన్నాన్ని కొలవడమే సాధారణ పద్ధతి అయింది.

సమస్యకు మూలం ఇక్కడే ఉంది. పురుగుమందుకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి 1750వ ప్రమాణం కింద ఒక సామాన్య నామం ఉంటుంది. క్లోరిపైరిఫాస్, మలాథియాన్, సైపర్‌మెత్రిన్ వంటి పేర్లు అలా స్థిరపడినవే. ఒక పదార్థానికి పెట్టిన పేరు మరొక దానికి పెట్టరు. పేరు ఎలా ఉండాలన్న నియమాలు కూడా వేరొక ప్రమాణంలో ఉన్నాయి. కాని అదే మందు కాలేయంలో విడిపోయి కొత్త పదార్థంగా మారగానే ఆ రక్షణ తొలగిపోతుంది. జీవక్రియోత్పన్నానికి సామాన్య నామం ఉండదు. దీర్ఘమైన రసాయన నామం మాత్రమే మిగులుతుంది. ప్రతి పరిశోధక బృందమూ దానిని తన సౌకర్యాన్ని బట్టి పొడి అక్షరాలుగా కుదిస్తుంది. సీసా మీద ఒకే పేరుతో ఉన్న మందు మనిషి శరీరంలో నుంచి వచ్చేసరికి నాలుగు పేర్లతో తేలడానికి కారణం ఇది.

నిఘంటుకారులకు నానార్థాలు, పర్యాయపదాలు భాషా సంపద. శాస్త్ర పరిభాషలో ఆ రెండూ దోషాలే. మొదటిది ఫలితాన్ని చెడగొడుతుంది, రెండవది ఫలితాన్ని దాచేస్తుంది.

నానార్థ దోషం

మలాథియాన్ ఉదాహరణతో ప్రారంభిద్దాం. క్షీరదాల శరీరంలో కార్బాక్సిల్ఎస్టరేజ్ ఎంజైములు మలాథియాన్‌ను మోనోకార్బాక్సిలిక్, డైకార్బాక్సిలిక్ ఆమ్లాలుగా విడగొడతాయి. కీటకాలతో పోలిస్తే క్షీరదాలకు ఈ మందు తక్కువ హాని కలిగించడానికి ప్రధాన కారణం ఈ చర్యే. మూత్రంలో కొలిచే మలాథియాన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లాన్ని ఎం.డి.ఎ. అని రాయడం వాడుకలో ఉంది. కాని జీవరసాయన శాస్త్రంలో ఎం.డి.ఎ. అనగానే గుర్తుకు వచ్చేది మలాన్‌డైఆల్డిహైడ్. కణపొరలలోని కొవ్వులు ఆక్సీకరణకు గురైనప్పుడు ఏర్పడే పదార్థం. పురుగుమందులు చల్లేవారిలో ఆక్సీకరణ ఒత్తిడిని అంచనా వేయడానికి దీనిని కూడా విరివిగా కొలుస్తారు. అంటే ఒకే కూలీ నుంచి, ఒకే రోజున తీసుకున్న నమూనాలలో రెండు ఎం.డి.ఎ.లు ఉండవచ్చు. ఒకటి మందు శరీరంలోకి వెళ్లిందని చెబుతుంది. మరొకటి శరీరానికి జరిగిన నష్టాన్ని చెబుతుంది, అందుకు కారణం మందే కానక్కరలేదు. పొగ తాగడం, వ్యాధులు, కఠిన శ్రమ కూడా దానిని పెంచగలవు.

ప్రమాణాలు మార్చేటప్పుడు ఈ పొరపాటు అంకెలలోకి దిగుతుంది. మలాథియాన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లం అణుభారం సుమారు 274, మలాన్‌డైఆల్డిహైడ్ అణుభారం సుమారు 72. లీటరుకు 10 మైక్రోగ్రాములు అన్న విలువను నానోమోల్‌లలోకి మార్చితే మొదటి దానికి 36.5, రెండవ దానికి దాదాపు 139 వస్తుంది. ఇంచుమించు నాలుగు రెట్ల తేడా. ఇంత తేడా ఉంటే జాగ్రత్తగా చదివే సమీక్షకుడు పట్టుకోగలడని సరిపెట్టుకోవచ్చు.

అసలు ప్రమాదం తేడా కనిపించని చోట ఉంది. క్లోరిపైరిఫాస్ జీవక్రియోత్పన్నమైన 3,5,6-ట్రైక్లోరో-2-పిరిడినాల్‌ను కొందరు టి.సి.పి. అని, కొందరు టి.సి.పి.వై. అని రాస్తారు. 2,4,6-ట్రైక్లోరోఫినాల్‌కు కూడా టి.సి.పి. అనే పేరుంది. అది లిండేన్ వంటి ఆర్గానోక్లోరిన్ రసాయనాలకు సూచకంగా మూత్రంలోనే కొలిచే పదార్థం. మొదటి దాని అణుభారం 198.4, రెండవ దానిది 197.4. ఒకదాని విలువను మరొకదానిగా పొరబడినా లెక్కలలో ఎక్కడా అసంగతి కనిపించదు. పట్టిక సక్రమంగానే ఉంటుంది, దాని అర్థం మాత్రం మారిపోతుంది. ఇవి చాలవన్నట్లు పశుపోషణ విభాగంలో ట్రైకాల్షియం ఫాస్ఫేట్, కందెన నూనెల పరిశ్రమలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ కూడా టి.సి.పి.లే.

వ్యాసం మొదట్లో పేర్కొన్న ఆరు డైఆల్కైల్ ఫాస్ఫేట్లలో మూడు మిథైల్ వర్గానికి, మూడు ఇథైల్ వర్గానికి చెందినవి. మలాథియాన్, డైమిథోయేట్ వంటివి మిథైల్ వర్గాన్ని, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటివి ఇథైల్ వర్గాన్ని ఇస్తాయి. డైమిథైల్ ఫాస్ఫేట్‌ను డి.ఎం.పి. అని, డైఇథైల్ ఫాస్ఫేట్‌ను డి.ఇ.పి. అని కుదిస్తారు. ప్లాస్టిక్, సుగంధ పరిశ్రమలలో డైమిథైల్ థాలేట్, డైఇథైల్ థాలేట్‌లకు కూడా సరిగ్గా ఇవే పేర్లు. కీటకశాస్త్రజ్ఞులకు డి.ఎం.పి. ఇంకా పాత పరిచయం. చర్మానికి పూసుకునే కీటక వికర్షకంగా డైమిథైల్ థాలేట్‌ను చాలా కాలం వాడారు. పైగా కొన్ని వ్యాసాలలో మిథైల్ వర్గపు మూడింటి మొత్తాన్ని కూడా సిగ్మా చిహ్నం తగిలించి డి.ఎం.పి. అనే రాస్తారు. పట్టికను మరొక ఫైలులోకి మార్చేటప్పుడు ఆ చిహ్నం జారిపోతే మూడింటి మొత్తం ఒక్కదాని విలువగా మిగిలిపోతుంది.

ఒక చీటీ, రెండు నిర్ణయాలు

పై ఉదాహరణలన్నీ పరిశోధన పత్రాలకు సంబంధించినవి. కోలినెస్టరేజ్ విషయంలో ఈ సమస్య నేరుగా కూలీ పని మీద, ప్రాణం మీద ప్రభావం చూపుతుంది.

ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ మందులు నాడీ వ్యవస్థలోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను నిరోధిస్తాయి. నాడీ కణజాలాన్ని పరీక్షించడం సాధ్యం కాదు గనుక రక్తంలో కొలుస్తాం. రక్తంలో ఇటువంటి ఎంజైములు రెండు ఉన్నాయి. ఎర్రకణాల మీద ఉండేది నాడులలో ఉన్న ఎసిటైల్‌కోలినెస్టరేజే. ప్లాస్మాలో ఉండేది బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్. దీనిని సూడోకోలినెస్టరేజ్ అని కూడా అంటారు. రెండింటి స్వభావమూ వేరు. ప్లాస్మా ఎంజైమును కాలేయం తయారు చేస్తుంది కాబట్టి అది తగ్గినా త్వరగా కోలుకుంటుంది. కాలేయ వ్యాధి ఉన్నవారిలో మందుతో సంబంధం లేకుండానే తక్కువగా ఉంటుంది. ఎర్రకణాల ఎంజైము కొత్త కణాలు పుట్టినకొద్దీ మాత్రమే పూర్తిగా భర్తీ అవుతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు గనుక అందుకు ఎక్కువ కాలం పడుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇటువంటి మందులను తరచుగా వాడే వ్యవసాయ కార్మికులకు రక్త పరీక్షలు తప్పనిసరి. మందుకు దూరంగా ఉన్న రోజులలో తీసిన విలువను ఆధారంగా తీసుకుంటారు. తరువాతి పరీక్షలో ఏ ఎంజైమైనా ఆ ఆధారంలో 80 శాతం కంటే తగ్గితే యజమాని పని పద్ధతులను సమీక్షించాలి. ఎర్రకణాల ఎంజైము 70 శాతానికి గాని అంతకంటే దిగువకు గాని పడిపోతే, లేదా ప్లాస్మా ఎంజైము 60 శాతానికి గాని అంతకంటే దిగువకు గాని పడిపోతే, కార్మికుణ్ణి ఆ మందుల నుంచి పూర్తిగా తప్పించాలి. విలువ తిరిగి 80 శాతం చేరేవరకు అతడు ఆ పనికి రాకూడదు.

ఇప్పుడు మిరప తోటలో వరుసగా కొన్ని వారాలు మందు కొట్టిన కూలీ పరీక్ష చీటీలో 'సి.హెచ్.ఇ. - 65 శాతం' అని మాత్రమే ఉందనుకుందాం. అది ఎర్రకణాల విలువ అయితే ఆ వ్యక్తి ఆ రోజునుంచే స్ప్రేయరు పట్టుకోకూడదు. ప్లాస్మా విలువ అయితే పని పద్ధతులు సరిచేసి కొనసాగించవచ్చు. 65 అనే అంకె సరైనదే, పరీక్షా సరైనదే. చీటీ రాసినవారు విడిచిపెట్టిన ఒక్క అక్షరం మీద నిర్ణయం ఆధారపడి ఉంది. పైగా ప్లాస్మా ఎంజైమునే పి.సి.హెచ్.ఇ., బి.సి.హెచ్.ఇ., బి.యు.సి.హెచ్.ఇ. అని మూడు విధాలుగా రాయడం కనిపిస్తుంది. పొడి అక్షరాల మీద ఆధారపడే క్షేత్ర సహాయకుడు ఇవి మూడు వేర్వేరు పరీక్షలని భావిస్తే అతణ్ణి తప్పు పట్టలేం.

పర్యాయ దోషం

పైరిత్రాయిడ్ మందుల విషయంలో ఇబ్బంది రెండవ రకానిది. సైపర్‌మెత్రిన్, పర్‌మెత్రిన్ వంటి మందుల నుంచి వచ్చే డైక్లోరోవినైల్ డైమిథైల్‌సైక్లోప్రొపేన్ కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని అమెరికా పరిశోధకులు సాధారణంగా డి.సి.సి.ఎ. అంటారు. జర్మనీ పరిశోధకులు అదే పదార్థాన్ని సి.ఎల్.2.సి.ఎ. అని రాస్తారు. డెల్టామెత్రిన్ నుంచి వచ్చే బ్రోమిన్ రూపానికి ఒకరు డి.బి.సి.ఎ. అంటే మరొకరు బి.ఆర్.2.సి.ఎ. అంటారు. ఒక పేరుతో సాహిత్యాన్ని వెతికే విద్యార్థికి రెండవ పేరుతో వచ్చిన పత్రాలు కనబడకపోవచ్చు. అతడు తయారుచేసే సమీక్షలో సగం ఆధారాలే ఉంటాయి. అవి సగమేనని అతనికి కూడా తెలియదు.

ఈ విషయంలో మన పాత అనుభవం ఒకటి ఉంది. మైకేల్ ఫారడే 1825లో మొదటిసారి తయారుచేసిన హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్‌కు బెంజీన్ హెక్సాక్లోరైడ్, అంటే బి.హెచ్.సి., అనే పేరు వాడుకలో పడింది. రసాయన నిర్మాణం రీత్యా అది సరైన పేరు కాదు. ఆ అణువులో బెంజీన్ వలయం లేదు. హెక్సాక్లోరోబెంజీన్, అంటే హెచ్.సి.బి., పూర్తిగా వేరైన పదార్థం. ఒకప్పుడు విత్తనశుద్ధికి వాడిన శిలీంధ్రనాశిని. ఒకే మూడు అక్షరాల క్రమం మారితే పదార్థం మారిపోతుంది. మన గ్రామాలలో బి.హెచ్.సి. పొడి తెలియని పాతతరం రైతు లేడు. మన దేశంలో 1997లో దానిని నిషేధించారు. అందులోని గామా రూపమైన లిండేన్‌కు, 1912లో దానిని గుర్తించిన డచ్ శాస్త్రజ్ఞుడు వాన్ డెర్ లిండెన్ పేరు మీద ఆ పేరు వచ్చింది. శరీరంలో ఎక్కువ కాలం నిలిచేది మాత్రం బీటా రూపం. పాత నివేదికలలో రూపాన్ని పేర్కొనకుండా 'రక్తంలో బి.హెచ్.సి.' అని మాత్రమే ఉంటే, అది ఏ రూపమో, లేక అన్నింటి మొత్తమో నిర్ణయించడం నేడు సాధ్యం కాదు. ఆ కొలతల కోసం పడిన శ్రమ ఆ మేరకు వృథా అయినట్లే.

ఇతర రంగాలు ఎంచుకున్న మార్గాలు

పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే వర్గంలో 209 రూపాలున్నాయి. 1980లో బాల్‌ష్మిటర్, జెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు వాటికి వరుస సంఖ్యలు ఇచ్చారు. స్వల్ప సవరణలతో ఆ సంఖ్యలే ప్రపంచమంతటా నిలిచాయి. 153వ రూపం అంటే ఎవరికైనా ఒకటే అర్థం. అగ్నినిరోధక రసాయనాల విషయంలో బెర్గ్‌మన్, మరికొందరు పరిశోధకులు 2012లో మరొక పద్ధతి ప్రతిపాదించారు. ప్రతి పదార్థానికి రోజువారీ వాడుకకు ఒక చిన్న పేరు, నిర్మాణాన్ని తెలిపే మరొక పేరు ఉంటాయి.

వరుస సంఖ్యల పద్ధతి మన అవసరానికి సరిపోదని నా అభిప్రాయం. ఒకే అస్థిపంజరం గల 209 రూపాలకు అది చక్కగా అమరుతుంది. పురుగుమందుల జీవక్రియోత్పన్నాలు పరస్పరం సంబంధం లేని వర్గాలవి. మూల మందు పేరునే సూచకానికి పెట్టడం సులభంగా తోచినా అదీ తప్పుదారి పట్టిస్తుంది. 3-ఫినాక్సీబెంజోయిక్ ఆమ్లం సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పర్‌మెత్రిన్ మొదలైన అనేక మందుల నుంచి వస్తుంది. ట్రైక్లోరోపిరిడినాల్ క్లోరిపైరిఫాస్ నుంచే కాక ట్రైక్లోపిర్ అనే కలుపుమందు నుంచి కూడా వస్తుంది. అంతేకాక డైఆల్కైల్ ఫాస్ఫేట్లు ఆహారం మీద ముందే ఏర్పడి, ఆ రూపంలోనే శరీరంలోకి చేరి, మూత్రంలో కనిపించే అవకాశం ఉంది. సూచకానికి మందు పేరు పెడితే తేలని విషయాన్ని తేలినట్లు చెప్పినట్లవుతుంది. పేరు పదార్థం నిర్మాణాన్నే చెప్పాలి. అది దేని నుంచి వచ్చిందన్నది చర్చలో తేల్చవలసిన అంశం.

ప్రతి వ్యాసంలోనూ మొదటిసారి వాడినప్పుడు పూర్తి పేరు ఇస్తున్నాం కదా, ఇక ప్రామాణీకరణ ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ నిర్వచనం వ్యాసంతో పాటే ఉండిపోతుంది. పట్టిక, పటం, దత్తాంశ ఫైలులోని నిలువు వరుస శీర్షిక, ప్రయోగశాల చీటీ మాత్రం వ్యాసాన్ని వదిలి ప్రయాణిస్తాయి.

సి.ఎ.ఎస్. సంఖ్య ఇచ్చే రక్షణ

అమెరికన్ కెమికల్ సొసైటీకి చెందిన కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ 1965 నుంచి ప్రతి పదార్థానికీ ఒక నమోదు సంఖ్య ఇస్తోంది. దీని చివరి అంకె తనిఖీ అంకె. క్లోరిపైరిఫాస్ సంఖ్య 2921-88-2ను పరిశీలించండి. చివరి అంకెను విడిచి మిగిలిన వాటిని కుడి నుంచి ఎడమకు 1, 2, 3 వరుసలో హెచ్చించాలి: 8×1, 8×2, 1×3, 2×4, 9×5, 2×6. మొత్తం 92, దాని చివరి అంకె 2. అది తనిఖీ అంకెతో సరిపోయింది. నకలు రాసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే ఈ లెక్క చాలా వరకు పట్టిస్తుంది. పొడి అక్షరాలకు ఇటువంటి కాపలా లేదు. ట్రైక్లోరోపిరిడినాల్ సంఖ్య 6515-38-4, మలాథియాన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లం 1190-28-9, మలాన్‌డైఆల్డిహైడ్ 542-78-9, డైఇథైల్ ఫాస్ఫేట్ 598-02-7, డైఇథైల్ థాలేట్ 84-66-2. విద్యార్థులు ఇదే లెక్కను వీటి మీద చేసి చూడవచ్చు.

తెలుగు వ్యాసాలకు ప్రతిపాదనలు

తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు. రోమన్ లిపిలో చిన్న అక్షరంతో చూపే సూక్ష్మ భేదాలన్నీ మన లిపిలోకి రాగానే మాయమవుతాయి. దీనికి తోడు ఒకే పేరును డి.ఎ.పి., డి.ఏ.పి., డీఏపీ, డిఎపి అని నాలుగు విధాలుగా రాస్తున్నాం. కంప్యూటరులో వెతికేటప్పుడు ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ఫోను ద్వారా ఫలితాలు చెప్పేటప్పుడు బి, డి, పి, టి ఒకదానికొకటి వినిపించడం అందరికీ అనుభవమే.

అందువల్ల తెలుగు వ్యాసాలలో సూచకాలకు పొడి అక్షరాలను వీలైనంత వరకు విడిచి, చిన్న మాటలనే వాడడం మేలని భావిస్తున్నాను. 'ఎర్రకణ ఎంజైము', 'ప్లాస్మా ఎంజైము' అన్నవి పొడి అక్షరాల కంటే పెద్ద పొడవు కావు; వాటిని ఎవరూ పొరబడరు. 'మలాథియాన్ ద్విఆమ్లం', 'ట్రైక్లోరోపిరిడినాల్', 'మిథైల్ ఫాస్ఫేట్ల మొత్తం' అన్నవీ అటువంటివే. మలాథియాన్ ద్విఆమ్లంలోని మందు పేరు రసాయన నామంలో భాగమే గనుక పైన చెప్పిన అభ్యంతరం దానికి వర్తించదు. 'నాటిన 30 రోజులకు' అని రాయగలిగిన భాషలో పంట వయస్సుకు డి.ఎ.పి. అవసరమే లేదు, ఆ అక్షరాలను ఎరువుకు వదిలివేయవచ్చు. వ్యాసంలో నాలుగైదు సార్లకు మించి రాని పదార్థానికి అసలు సంక్షిప్త నామమే అక్కరలేదు.

మొదటి ప్రస్తావనలో పూర్తి రసాయన నామం, సి.ఎ.ఎస్. సంఖ్య, ఏ నమూనాలో కొలిచారు, ఇకపై వాడబోయే పేరు అనే నాలుగూ ఉండాలి. ఉదాహరణకు: 'మలాథియాన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లం (సి.ఎ.ఎస్. 1190-28-9; మూత్రం; ఇకపై మలాథియాన్ ద్విఆమ్లం)'. ప్రతి పట్టిక అడుగునా ఈ వివరం మళ్లీ ఇవ్వాలి, పునరుక్తి అని సంకోచించనక్కరలేదు. దత్తాంశ ఫైలులో సి.ఎ.ఎస్. సంఖ్యకు ప్రత్యేకంగా ఒక నిలువు వరుస కేటాయించాలి. కూలీకి ఇచ్చే పరీక్ష చీటీ మీద మాత్రం ఏ సంక్షిప్త నామమూ వాడకుండా ఎంజైము ఎర్రకణాలదో ప్లాస్మాదో మాటలలో రాయాలి. దీనిని మినహాయింపు లేని నియమంగా పాటించవలసి ఉంటుంది.

పాత నివేదికలను తిరిగి ఉపయోగించేటప్పుడు మూలంలో ఉన్న పేరును చెరపకూడదు. 'బి.హెచ్.సి.' అని ఉన్నదాన్ని బీటా రూపంగానో లిండేన్‌గానో మార్చి రాసే అధికారం సంకలనకర్తకు లేదు. మూల నామాన్ని అలాగే ఉంచి, పద్ధతుల విభాగాన్ని బట్టి పదార్థాన్ని గుర్తించగలిగితే ఆ గుర్తింపును పక్కన వేరుగా చేర్చాలి. గుర్తించలేకపోతే 'రూపం పేర్కొనలేదు' అని రాసి ఆ విలువను మొత్తాల లెక్కలో నుంచి మినహాయించాలి.